పాటలో భేదము – మాటలో మర్యాద

పుర్రెకొక బుద్ధి, జిహ్వకొక రుచి యని తెలుగు సామెత. ఒకనికి గోంగూర పచ్చడి పరమప్రీతి; వేరొకడు దానిని విస్తరి అంచునకు నెట్టును. అంతమాత్రముచే వారిరువురును ఒక పంక్తిలో కూర్చుండుట మానరు. సంగీతము విషయమున మాత్రము రుచిభేదము ఇంత సులభముగా సమసిపోదు. అభిమానించిన గాయకుని పాటను శ్రోతలు తమ సొంత మాటవలె భావింతురు. అతని క్రొత్త పాటల సంపుటము, అనగా ఆల్బము, వెలువడి, అది తాము కోరిన తీరున లేకున్న వారి మనస్సు నొచ్చును. అది నచ్చినవారు నచ్చనివారిని చాదస్తులందురు. నచ్చనివారు నచ్చినవారిని వెఱ్ఱివారందురు. కొంతసేపటికి పాట ప్రసక్తి మఱుగునపడి, మనుష్యుల గుణదోషముల విచారణ ప్రారంభమగును.

ఇట్టి తగవులలో ఏ మాట తగును, ఏ మాట తగదు అను విషయము తెలిసికొనుటకు అమెరికా దేశమున 1965వ సంవత్సరమున చెలరేగిన ఒక వివాదము మిక్కిలి ఉపకరించును. అది బాబ్ డిలన్ అను గాయకుని క్రొత్త పాటలను గూర్చినది.

డిలన్ 1941వ సంవత్సరము మే 24వ తేదీన మిన్నెసోటా రాష్ట్రమందలి డులూత్ నగరమున జన్మించెను. తలిదండ్రులు పెట్టిన పేరు రాబర్ట్ ఆలెన్ జిమ్మర్‌మన్. 1961 జనవరిలో, ఇరువది యేండ్లు నిండకమునుపే, అతడు న్యూయార్కు నగరము చేరెను. అచట గ్రీనిచ్ విలేజి అను పేటలో, చిన్న చిన్న కాఫీ హోటళ్ళలో, యువకులు గిటారు మీటుచు జానపద గేయములు పాడుచుండిరి. గని కార్మికుల పాటలను, రైతుల పాటలను, నల్లజాతివారి పాటలను సేకరించి పాడుట ఆ కాలమున ఒక గొప్ప ఉద్యమముగా సాగుచుండెను. డిలన్ ఆ పాటలను నేర్చెను. ఆ ఫక్కిలో తానును క్రొత్త పాటలు కట్టెను. 1963లో వెలువడిన అతని రెండవ ఆల్బములో "బ్లోయిన్ ఇన్ ది విండ్" అను పాట కలదు. యుద్ధమును గూర్చియు, మానవుని స్వేచ్ఛను గూర్చియు ప్రశ్నలు వేయు ఆ పాట దేశమంతట ప్రాకిపోయెను.

ఆ సంవత్సరమే జూలై మాసమున రోడ్ ఐలండ్ రాష్ట్రమందలి న్యూపోర్టులో జరిగిన జానపద గీతోత్సవమున డిలన్, జోన్ బయెజ్, పీట్ సీగర్ మొదలగు గాయకులు చేయిచేయి కలిపి నిలిచి, పౌరహక్కుల ఉద్యమగీతమును పాడిరి. ఆగస్టు 28వ తేదీన వాషింగ్టన్ నగరమున మార్టిన్ లూథర్ కింగ్ చరిత్రాత్మకమైన ఉపన్యాసమిచ్చిన మహాసభలోను డిలన్ పాడెను. అప్పటికి అతని వయస్సు ఇరువదిరెండేండ్లు మాత్రమే. అభిమానులకు అతడు కేవలము గాయకుడు కాడు. తమ పక్షమున పలుకు గొంతు. వారి ప్రేమ ఎంత గాఢమైనదో గ్రహించినగాని, తరువాత వారికి వచ్చిన కోపము అర్థము కాదు.

1964 ఆగస్టులో డిలన్ నాలుగవ ఆల్బము వెలువడెను. అందు ఉద్యమగీతములు తగ్గి, సొంత అనుభవములకు సంబంధించిన పాటలు పెరిగెను. "సింగ్ ఔట్" అను జానపద గీతపత్రిక సంపాదకుడైన ఇర్విన్ సిల్బర్ నవంబరు మాసమున డిలన్‌కు ఒక బహిరంగ లేఖ వ్రాసెను. క్రొత్త పాటలు అంతర్ముఖములై ప్రజలకు దూరమగుచున్నవని అందలి ముఖ్యాభిప్రాయము. ఆ లేఖలో చేదు కలదు; అయినను వ్రాసినవాని పేరును కలదు, చెప్పదలచిన కారణమును కలదు. ఒప్పుకొనుటకో, కాదనుటకో చదువరికి అవకాశము కలదు.

1965 మార్చిలో "బ్రింగింగ్ ఇట్ ఆల్ బ్యాక్ హోమ్" అను ఆల్బము వచ్చెను. ఆ గ్రామఫోను రికార్డుకు ఒకవైపున విద్యుత్ గిటారులతో, మృదంగస్థానమున డ్రమ్ములతో కూడిన పాటలుండెను. రెండవవైపు పాటలలో చాల భాగము పూర్వపు పద్ధతిలో సాధారణ గిటారుతోనే సాగెను. ఒకే రికార్డు రెండు ముఖములతో శ్రోతలయెదుట నిలిచెను.

ఈ రెండు వాద్యములకును గల భేదమును ఇచట తెలిసికొనుట మంచిది. సాధారణ గిటారులో తంత్రులు కంపించినపుడు, బోలుగా నున్న కఱ్ఱపెట్టె ఆ నాదమును పెంచును. విద్యుత్ గిటారులో తంత్రుల క్రింద అయస్కాంతములును, వాని చుట్టును సన్నని తీగచుట్టలును అమర్చబడియుండును. తంత్రుల కంపనము వానివలన విద్యుత్తుగా మారి, యంత్రములో వృద్ధిపొంది, ధ్వనివర్ధకము ద్వారా మరల నాదమగును. మొదటిదానిని నలుగురు చుట్టును కూర్చుండి వినవచ్చును. రెండవదాని నాదము వేలమందికి చేరును. కాని జాగ్రత్త వహింపనిచో గాయకుని మాటను మ్రింగివేయును.

1965 జూలై 25వ తేదీ రాత్రి డిలన్ మరల న్యూపోర్టు వేదిక నెక్కెను. ఈసారి అతని చేత విద్యుత్ గిటారు, వెంట వాద్యబృందము. మూడు పాటలు పాడి అతడు దిగిపోయెను. శ్రోతలలో కొందరు హర్షధ్వానములు చేసిరి. కొందరు ఈసడించుచు కేకలు వేసిరి. పిమ్మట అతడు సాధారణ గిటారుతో ఒంటరిగా తిరిగివచ్చి మరి రెండు పాటలు పాడెను.

ఆ కేకలకు కారణమేమి? నేటికిని దీనికి ఒకే సమాధానము లేదు. విద్యుత్ వాద్యములను చూచి సహింపలేక అరచిరని కొందరు చెప్పుదురు. ధ్వని చెడి మాటలు వినబడకపోవుటచే అరచిరని మరికొందరందురు. ఎంతో దూరమునుండి వచ్చినవారికి మూడు పాటలే వినిపించి దిగిపోయినందున అరచిరని, ఆ రాత్రి వేదికపై ఆర్గన్ వాయించిన ఆల్ కూపర్ అభిప్రాయము. ఒక్క రాత్రి, ఒక్క సభలో పుట్టిన కేకకే ఇన్ని అర్థములు కలవు. ఆ కేకలు వేసినవారినందరిని ఒకే గాటకు కట్టి తీర్పు చెప్పుట ఎంత తొందరపాటో దీనివలన తెలియును.

పెద్దలును ఈ ఉద్రేకమునకు అతీతులు కాలేదు. ఆ ఉత్సవముననే మరొక వేదికపై, విద్యుత్ వాద్యములతో బ్లూస్ పాటలు పాడు ఒక బృందమును ఆలన్ లోమాక్స్ సభకు పరిచయము చేసెను. జానపద గేయముల సేకరణకు జీవితము ధారపోసిన పండితుడాయన. ఆయన పరిచయవాక్యములలో చులకన కనబడెనని, డిలన్ వ్యవహారములు చూచు ఆల్బర్ట్ గ్రాస్‌మన్ ఆగ్రహించెను. మాట మాట పెరిగి ఇరువురును కలియబడిరి. ప్రజల పాటను ప్రేమించు ఉత్సవమున, ప్రజలు చూచుచుండగా, ఇద్దరు పెద్దమనుష్యులు నేలపై పొర్లాడిరి. ఆ పెనుగులాటవలన ఆ బృందము పాట మంచిదియు కాలేదు, చెడ్డదియు కాలేదు.

జానపద గీతాభిమానుల బాధ అకారణమైనది కాదు. వారికి సాధారణ గిటారు వాద్యము మాత్రమే కాదు. పేదవాడును కొనగలిగినది, ఊరూరికి మోసికొని పోదగినది, పాటలోని మాటకు అడ్డురానిది. విద్యుత్ వాద్యములతో కూడిన రాక్ సంగీతము వారికి వ్యాపారమునకు గుర్తుగా తోచెను. తమ పోరాటములలో తోడు నిలిచిన గొంతు అంగడి పాలగుచున్నదని వారు భయపడిరి. ప్రేమ లేనిచోట ఇట్టి భయము పుట్టదు.

రెండవ పక్షమువారి వాదమును త్రోసిపుచ్చరానిదే. డిలన్ పాఠశాలలో చదువుకొనునపుడే తోటి బాలురతో కలిసి రాక్ పాటలు వాయించినవాడు. అది అతనికి పరాయి విద్య కాదు. షికాగో నగరమున మడ్డీ వాటర్స్ మొదలగు నల్లజాతి గాయకులు, పల్లెలలో పుట్టిన బ్లూస్ పాటలను ఎన్నో యేండ్లకు ముందే విద్యుత్ గిటారుపై వినిపించిరి. అవి ప్రజల పాటలు కాకపోలేదు. కళాకారుడు నిన్నటి పాటనే నేడును, రేపును పాడవలెనని నిర్బంధించుట, ఎదుగు మొక్కను ఎల్లకాలము చిన్న కుండలో ఉంచగోరుట వంటిది.

రెండు వాదములలోను సత్యము కలదు. ప్రశాంతముగా కూర్చుండి మాటాడుకొన్నచో ఇరుపక్షములవారును ఒకరివలన ఒకరు నేర్చుకొనెడివారే. కాని జరిగినది వేరు. ఆగస్టు 28వ తేదీన న్యూయార్కునందలి ఫారెస్ట్ హిల్స్ మైదానమున డిలన్ మొదటి భాగము ఒంటరిగా పాడగా శ్రోతలు నెమ్మదిగా వినిరి. రెండవ భాగమున వాద్యబృందము రాగానే ఈసడింపులు చెలరేగెను. రెండు దినములకు "హైవే 61 రివిజిటెడ్" అను క్రొత్త ఆల్బము వెలువడెను. అందలి మొదటి పాట "లైక్ ఎ రోలింగ్ స్టోన్" ఆరు నిమిషములకు మించినదయ్యును, అమెరికా పాటల పట్టికలో రెండవ స్థానమునకు ఎగబ్రాకెను. ఒకవంక ఇంతటి ఆదరణము, మరియొకవంక ఊరూర ఈసడింపు. డ్రమ్ములు వాయించు లెవాన్ హెల్మ్ ఆ ఈసడింపులకు విసిగి, నవంబరు చివర బృందమును విడిచిపోయెను. అరచినవారు డిలన్‌పై కోపముతో అరచిరి; ఆ దెబ్బ అతని ప్రక్కన కూర్చుండి తన పని తాను చేసికొనుచున్నవానికి తగిలెను.

ఈ కలహము 1966 మే 17వ తేదీన ఇంగ్లండునందలి మాంచెస్టరు నగరమున పరాకాష్ఠ నందెను. ఫ్రీ ట్రేడ్ హాలులో రెండవ భాగము ముగియవచ్చుచుండగా, శ్రోతలలో ఒకడు డిలన్‌ను "జూడాస్" అని బిగ్గరగా పిలిచెను. క్రైస్తవుల పవిత్రగ్రంథమున, ముప్పది వెండి నాణెములకు తన గురువైన యేసును శత్రువులకు పట్టియిచ్చిన శిష్యుని పేరది. డిలన్ ఆ మాట తాను నమ్మనని, అన్నవాడు అబద్ధీకుడని బదులు పలికి, మరింత బిగ్గరగా వాయింపుమని తన బృందమును పురికొల్పెను. వాదమునకు వాదము ఎదురుకాలేదు. నిందకు నింద, కేకకు మ్రోత ఎదురయ్యెను. ఆ రాత్రి ఇంటికి పోయిన శ్రోతలలో ఎవరి అభిప్రాయమును ఆ మాటలవలన మారియుండదు.

"ఈ పాట నాకు నచ్చలేదు" అనుట శ్రోతకు గల హక్కు. డబ్బిచ్చి వచ్చినవాడు నిరాశపడినచో ఆ సంగతి చెప్పవచ్చును, పత్రికకు వ్రాయవచ్చును, లేచి వెలుపలికి పోవచ్చును. "నీవు ద్రోహివి" అనుట వేరు. మొదటి మాటకు సాక్షి చెప్పువాని చెవి. రెండవ మాటకు సాక్షి ఎదుటివాని హృదయము. దానిలోనికి తొంగిచూచినవాడెవడు? అభిప్రాయమును గౌరవించుట అనగా దానిని ఒప్పుకొనుట కాదు. ఎదుటివాడును తనవలెనే నిజముగా వినియే చెప్పుచున్నాడని నమ్ముట. ఈ నమ్మకమున్నచో ఎంత తీవ్రమైన వాదమైనను జరుపవచ్చును. ఇది తప్పిపోయినచో, చిన్న పాటపై పుట్టిన మాటయు పెద్ద వైరమగును.

గడచిన కాలమును చూచి తీర్పు చెప్పువారు ఇచట మరొక పొరపాటు చేయుదురు. డిలన్‌కు 2016వ సంవత్సరమున సాహిత్యమునకు నోబెల్ బహుమానము లభించెను. కావున నాడు అరచినవారందరును మూఢులే యని వీరు తేల్చివేయుదురు. ఇది న్యాయము కాదు. ఆ బహుమానము వచ్చినపుడును, పాటలను సాహిత్యమనవచ్చునా అని రచయితలలోనే భేదాభిప్రాయములు పుట్టెను. "రోలింగ్ స్టోన్" అను సంగీతపత్రిక, గొప్ప పాటల పట్టికను 2004లో ప్రకటించినపుడు "లైక్ ఎ రోలింగ్ స్టోన్" పాటకు మొదటి స్థానమిచ్చెను. 2021లో అదే పత్రిక దానికి నాలుగవ స్థానమిచ్చెను. ఈ నడుమ పాటలో ఒక్క అక్షరమైనను మారలేదు, ఎన్నినవారు మారిరి. అభిరుచి త్రాసుతో తూచి చెప్పదగినది కాదు. బహుమానమో, పట్టికయో వచ్చినంతమాత్రమున నచ్చనివాడు తన చెవిని అబద్ధమనుకొననక్కరలేదు.

భవిష్యత్తును గూర్చి ఆనాడు ఇరుపక్షములవారు చెప్పిన జోస్యములును ఫలింపలేదు. డిలన్ పూర్వమార్గమును శాశ్వతముగా విడిచెనని కొందరు దుఃఖించిరి. ఆ మార్గమునకు కాలము చెల్లెనని కొందరు సంతోషించిరి. 1967 డిసెంబరులో అతడు సాధారణ గిటారును ముందునిడుకొని, నెమ్మదిగా సాగు పాటలతో "జాన్ వెస్లీ హార్డింగ్" అను ఆల్బమును వెలువరించెను. కళాకారుని మనస్సు అభిమానుల లెక్కలకు లోబడదు.

పుకారులవలన కలుగు అన్యాయమునకు పీట్ సీగర్ కథ మంచి ఉదాహరణము. ఆయన జానపద గీతోద్యమమునకు పెద్దదిక్కు. న్యూపోర్టులో ఆ రాత్రి ఆయన గొడ్డలి పట్టుకొని విద్యుత్ తీగలు నరుకబోయెనని కథ వ్యాపించెను. గొడ్డలియే యున్నచో తీగను నరికివేసియుందునని కోపమున అన్నమాట నిజమే యని, పాటలోని మాటలు వినబడకపోవుటయే తన కోపమునకు కారణమని ఆయన తరువాత వివరించెను. ఆయన ద్వేషించినది విద్యుత్తును కాదు. మాటలను చెరచిన మ్రోతను. అనగా డిలన్ మాటలను ప్రేమించుటవలననే ఆయనకు కోపము వచ్చెను. ఈ కారణమును అడిగి తెలిసికొనక, క్రొత్తదనమును చూచి ఓర్వలేని ముసలివాడని నవ్వినవారు ఎందరో! ఓడిన పక్షమును గేలిచేయుటయు అమర్యాదయే.

పాత సంగీతమున క్రొత్త వాద్యము ప్రవేశించుటనుగూర్చిన తర్కము అమెరికాకు మాత్రమే చెందినది కాదు. కర్ణాటక సంగీతమున నేడు ప్రధానమైన ప్రక్కవాద్యముగా నున్న వయొలిన్ ఐరోపానుండి వచ్చినది. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడగు బాలుస్వామి దీక్షితులు దానిని నేర్చి మన రాగములకు అనువుగా మలచెను. విజయనగరమందలి ద్వారం వేంకటస్వామినాయుడు చేతిలో ఆ పరదేశపు వాద్యము తెలుగువారి సొత్తయ్యెను. హార్మోనియము కథ వేరు. స్వరమునకును స్వరమునకును నడుమగల గమకములను అది పలికింపలేదని పండితులు ఆక్షేపించిరి. ఆకాశవాణి 1940లో దానిని నిషేధించెను. సుమారు మూడు దశాబ్దములకుగాని ఆ నిషేధము సడలలేదు. క్రొత్తదంతయు మంచిదనుటయు, పాతదే మంచిదనుటయు రెండును తొందరపాటులే యని ఈ రెండు వాద్యములును చాటుచున్నవి. హార్మోనియమును కాదన్నవారు కారణము చెప్పిరి. ఆ కారణమును ఎవరైనను తమ చెవితో పరీక్షించుకొనవచ్చును. మర్యాదగల వాదమునకు లక్షణమిదియే.

నేటి విద్యార్థులకును అభిమాన గాయకులు కలరు. క్రొత్త ఆల్బము వెలువడిన దినముననే తరగతి గదిలోను, ఆటస్థలమునను చర్చ సాగును. పాట పూర్తిగా వినకమునుపే తీర్పు చెప్పువారు అందు ఉందురు. ఒకే బల్లపై కూర్చుండు స్నేహితులు ఈ పాటల కారణమున మాటలు మానుకొనుటయు కలదు. అట్టి సమయమున కొన్ని నియమములు మేలు చేయును. పాటను సాంతముగా, వీలైనచో రెండు మారులు వినవలయును. నచ్చినదో, నచ్చనిదో చెప్పునపుడు రాగమా, మాటలా, గొంతా, వాద్యములా, ఏది కారణమో చూపవలయును. బదులు చెప్పుటకు ముందు, ఎదుటివాని వాదమును అతడు ఔనని తలయూపునట్లు తిరిగి చెప్పగలుగవలయును. గాయకుడు ధనమునకు అమ్ముడుపోయెననియో, మెచ్చినవాడు గొఱ్ఱెదాటుగా మెచ్చుచున్నాడనియో, తెలియని ఉద్దేశములను అంటగట్టరాదు. అన్నిటికంటె ముఖ్యముగా, ఒకడు వినుచున్న పాటను మరియొకడు కేకలతో ముంచివేయరాదు. మాంచెస్టరు సభలో ఆ పాటలను వినగోరి వచ్చినవారును ఉండిరి. వారును టిక్కెట్టు కొన్నవారే.

ఈ నియమములను పాటించినవాడు తన అభిప్రాయమును వదలుకొననక్కరలేదు. చర్చ ముగిసినపిమ్మటను అతనికి ఆ పాట నచ్చకయే యుండవచ్చును. కాని అది తన స్నేహితునకు ఏల నచ్చినదో అతనికి తెలిసియుండును. ఆ పాట మరల వినబడినపుడు, మునుపు తాను గమనింపని ఒక మాటయో, ఒక మెట్టో అతని చెవికి సోకవచ్చును. అదియు లేకున్నను, మరునాడు ఆ స్నేహితుని ప్రక్కన అదే బల్లపై కూర్చుండుటకు అతనికి సంకోచముండదు.